వ్యాన్ మీటర్ వెనక రాగి షీటు: కొత్త మీటర్ కొనే ముందు చూడాల్సినవి

మొగల్తూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. "నాది 2003 మోడల్ పెట్రోల్ వ్యాన్. వానలు మొదలైన దగ్గర్నుంచి పెట్రోల్ ముల్లు నిలకడగా ఉండటం లేదు. హెడ్‌లైట్ వేస్తే ముల్లు జరిగిపోతోంది. ఇండికేటర్ వేస్తే మీటర్‌లో మిగతా లైట్లు కూడా దాంతోపాటు కొట్టుకుంటున్నాయి. డ్యాష్‌బోర్డు మీద చేత్తో తడితే కాసేపు బాగుంటుంది. మెకానిక్ మీటర్ విప్పి చూసి, వెనక ఉన్న నీలం ప్లాస్టిక్ షీటు పోయింది, మీటర్ మొత్తం మార్చాలి అన్నాడు. షీటు ఒక్కటీ బాగుచేయించుకోవచ్చా?"

చేయించుకోవచ్చండి. ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు. ఆ షీటు మీది రాగి గీతలే మీటర్‌లో వైర్ల పని చేస్తాయి. కానీ మీరు చెప్పిన మూడు లక్షణాలూ కలిపి చూస్తే, షీటు పూర్తిగా పోయిందని నాకు అనిపించడం లేదు. మీటర్‌కి ఎర్త్ సరిగ్గా అందడం లేదు. ముందు అది తేల్చుకోండి, డబ్బు సంగతి తర్వాత.

ఎర్త్ అని ఎందుకంటున్నానంటే, మీటర్‌లో ఉన్న బల్బులకీ ముళ్ళకీ కరెంటు లోపలికి వచ్చే దారులు వేరువేరుగా ఉంటాయి గానీ, వెనక్కి పోయే దారి చాలావరకు ఒక్కటే. మన చేలల్లో చూడండి, పంట కాలువలు ఎన్ని బోదెలుగా చీలినా మురుగు నీళ్ళన్నీ ఒక్క డ్రెయిన్‌లోకే పోవాలి. ఆ డ్రెయిన్ పూడుకుపోతే ఒకరి చేలో నీళ్ళు పక్కవాళ్ళ చేలోకి ఎక్కుతాయి. ఇక్కడా అంతే. ఇండికేటర్ బల్బు కరెంటు ఎర్త్‌లోకి దిగలేక పక్క బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది, అందుకే అవి కూడా కొట్టుకుంటాయి. హెడ్‌లైట్ వేయగానే మీటర్ లోపలి లైట్లు కూడా వెలుగుతాయి, ఆ ఇరుకు దారి మీద ఇంకా భారం పడుతుంది, ముల్లు జరుగుతుంది. చేత్తో తడితే ఆ జాయింటు కాస్త అతుక్కుంటుంది.

ఇది తేల్చుకోవడానికి పావుగంట చాలు. మీటర్ వెనక ఎర్త్ గీత కలిసే నట్టుకి ఒక వైరు తగిలించి, రెండో కొసని బాడీకి గట్టిగా పట్టి ఉన్న బోల్టుకి కలపండి. ఏ నట్టో తెలియకపోతే, కీ ఆపి, టెస్టర్‌ని (మల్టీమీటర్‌ని) ఓమ్స్‌లో పెట్టి, కప్లర్‌లో (వైర్ల కట్ట మీటర్‌కి దూరే ప్లగ్గులో) నల్ల వైరు వచ్చే పిన్ను నుంచి ఒక్కో నట్టుకీ చూసుకుంటూ రండి, దొరికిపోతుంది. నల్ల వైరే ఎర్త్ అనేది చాలా బళ్ళలో నిజమే గానీ అన్నిటా కాదు, కప్లర్ విప్పి ఆ వైరు నుంచి బాడీకి కూడా ఒకసారి చూసుకోండి. వైరు తగిలించాక ఇండికేటరూ హెడ్‌లైటూ వేయండి. అన్నీ కుదుటపడితే రోగం తెలిసినట్టే.

ఇంకా గట్టి పరీక్ష వోల్టేజి చూడటం. టెస్టర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఎర్ర పిన్ను మీటర్ ఎర్త్ నట్టు మీద, నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి లైట్లన్నీ వేయండి. 0.1, 0.2 వోల్టుల దాకా పరవాలేదు. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. చాలామంది ఓమ్స్ ఒక్కటే చూసి 'లైను బాగుంది' అనేస్తారు. ఓమ్స్‌లో టెస్టర్ పంపే కరెంటు చాలా కొంచెం. వెంట్రుకంత రాగి మిగిలినా ఆ కరెంటు సుఖంగా పోతుంది. బల్బులు వెలిగినప్పుడు మోయాల్సిన కరెంటు దానికి ఎన్నో రెట్లు. ఈ ఒక్క తేడా తెలియక మంచి మీటర్లు పారేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను, నాకు బాధగా ఉంటుంది.

పెట్రోల్ ముల్లు ఒక్కటే తప్పు చూపిస్తుంటే వేరే కథ. అప్పుడు ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే ఫ్లోట్ యూనిట్ మీద అనుమానపడాలి. ట్యాంకు దగ్గర కప్లర్ విప్పి, మీటర్ నుంచి వచ్చిన వైరుని 12 వోల్టుల 3.4 వాట్ల బల్బు గుండా ఎర్త్ చేయండి. నేరుగా ఎర్త్ చేయొద్దు, గేజ్ (ముల్లుని తిప్పే భాగం) లోపలి చుట్ట కాలుతుంది. పెట్రోల్ ఆవిరి ఉండే చోటు కాబట్టి కీ ఆపి, అన్నీ కలిపాకే కీ వేయండి. చాలా జపాన్ తరహా బళ్ళలో ముల్లు ఎఫ్ (ఫుల్) వైపు కదలాలి. కదిలితే మీటరూ షీటూ బాగున్నట్టే. పెట్రోల్ ముల్లూ టెంపరేచర్ ముల్లూ రెండూ ఒకే వైపుకి తప్పు చూపిస్తుంటే, పాత తరహా గేజ్‌లున్న బళ్ళలో వాటికి సరిపడా వోల్టేజి ఇచ్చే చిన్న రెగ్యులేటరో, దాని ఎర్త్ గీతో కారణం.

ఇక షీటు సంగతి. అది పల్చని పాలియెస్టర్ పొరల మధ్య అతికించిన రాగి రేకు. రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక మందంలో సుమారు సగం. ఆ గీతలు ఎక్కడికక్కడ పొర కింద భద్రంగానే ఉంటాయి. రాగి బయటపడేది మూడు చోట్ల: కప్లర్ దూరే నాలుక మీద, బల్బు హోల్డర్ చెవులు నొక్కే చోట, గేజ్ నట్లు బిగిసే చోట. రోగాలన్నీ దాదాపు ఈ మూడు చోట్లే వస్తాయి. గీత మధ్యలో తెగిందంటే ఎవరో మీటర్‌ని లాగేటప్పుడు షీటుని మడిచి ఉంటారు.

సముద్రానికి దగ్గర్లో ఇంకొకటి తోడవుతుంది, ఉప్పు. మొగల్తూరు, నరసాపురం, అంతర్వేది, మలికిపురం వైపు తిరిగే బళ్ళకీ, రాజమండ్రి వైపు తిరిగే బళ్ళకీ మీటర్ విప్పగానే తేడా కనపడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే ఆ తేమని లాక్కుని నీరవుతుంది. వానాకాలంలో మనకి ఆ తేమ రోజూ ఉంటుంది. వేసవిలో నిద్రపోయిన ఉప్పు వానలు రాగానే లేచి రాగిని తింటుంది. మీ మీటర్ వానలతోపాటు చెడిందంటే నాకు ఆశ్చర్యం లేదు. రొయ్యల చెరువుల మీదుగా మేత బస్తాలు వేసుకుని తిరిగే బళ్ళయితే మరీనూ.

అందుకే శుభ్రం చేసే పద్ధతి మన దగ్గర కొంచెం వేరుగా ఉండాలి. ఎవరిని అడిగినా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమంటారు. అది నూనెనీ జిడ్డునీ తీస్తుంది గానీ ఉప్పు అందులో కరగదు. తుడిచామనుకుంటాం, ఉప్పు అక్కడే ఉంటుంది, నెల తిరక్కుండా మళ్ళీ పచ్చటి చిలుము. ముందు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి బ్రష్ ముంచి నాలుకనీ, బల్బుల చోట్లనీ, నట్ల కిందా రెండు మూడు సార్లు కడగండి. బోరు నీళ్ళు వద్దు, మన తీరంలో వాటిలోనే ఉప్పుంటుంది. తర్వాత ఆల్కహాల్‌తో తుడిస్తే మిగిలిన తేమని అది తీసుకుపోతుంది. నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వండి. గేజ్‌ల లోపలికీ స్పీడోమీటర్ లోపలికీ నీళ్ళు పోకూడదు, అందుకని షీటుని విడిగా తీసి కడగడం మేలు. తీయడం కుదరకపోతే బ్రష్ ఉట్టి తడిగా ఉంటే చాలు.

చిలుము పట్టిన చోట పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి, రాగి రంగు వస్తుంది. గరుకు కాగితం జోలికి పోవద్దు. వెంట్రుకలో సగం మందం ఉన్న రేకు మీద ఎమరీ పేపర్ నాలుగు సార్లు ఆడితే మిగిలేది లేదు. థిన్నర్, పెట్రోల్ కూడా వద్దు. థిన్నర్ షీటు జిగురునీ వదిలిస్తుంది, మీటర్ అద్దాన్నీ మసకబారుస్తుంది.

విప్పడం గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. బ్యాటరీ నెగటివ్ తీయకుండా మీటర్ విప్పొద్దు, పైన చెప్పిన పరీక్షలకి కరెంటు కావాల్సినప్పుడే మళ్ళీ కలపండి. కీ ఆపినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది, షీటు వెనక ఉన్న ఇనప రేకుకి తగిలితే ఒక్క క్షణంలో గీత ఆవిరైపోతుంది. స్పీడో కేబుల్ లాక్ నొక్కి తీయండి, కప్లర్‌ని వైర్లు పట్టుకుని లాగొద్దు. విప్పేముందు ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోండి, ఏ బల్బు ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

ఎర్త్ దగ్గర తేడా తేలితే మరమ్మత్తు చాలా సులువు, టంకం అక్కర్లేదు. ముప్పావు లేదా ఒక చదరపు మిల్లీమీటర్ నల్ల వైరుకి ఒక కొసన చిన్న రింగ్ టెర్మినల్ వేసి, మీటర్ వెనక ఎర్త్ నట్టు కింద బిగించండి. రెండో కొసని డ్యాష్‌బోర్డు కింద బాడీ బోల్టుకి, పెయింటు గీకి, బిగించండి. షీటు గీతని అలాగే ఉండనివ్వండి, దానికి తోడుగా ఇంకో దారి ఇచ్చామంతే. నట్టు బిగించేటప్పుడు మాత్రం మితిమీరకూడదు. నట్టుతోపాటు గేజ్ స్టడ్ తిరిగిందంటే లోపల సన్నటి చుట్ట తెగిపోతుంది, అప్పుడు నిజంగానే కొత్త గేజ్ వెతుక్కోవాలి. వేళ్ళతో బిగించి, స్పానర్‌తో కొంచెం తిప్పితే చాలు. నా చేతికి వచ్చిన వాటిలో ఎక్కువ బళ్ళు ఈ ఒక్క వైరుతోనే బాగయ్యాయి.

బల్బు హోల్డర్ చెవులు వదులైతే చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా పైకి లేపండి. ఆ చోట రాగి అరిగి ఉంటే, హోల్డర్‌ని తిప్పి పెట్టినప్పుడు చెవి అరగని చోట ఆనుతుందేమో చూడండి, కొన్నిటిలో అది కుదురుతుంది.

గీత నిజంగా తెగినప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. 2012లో నా దగ్గర ఒక పాత వ్యాన్ ఉండేది, రాజోలు నుంచి కొబ్బరికాయలు వేసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కించి నరసాపురం తెచ్చేవాణ్ణి. మీటర్‌లో ఒక గీత తెగితే మామూలు వైర్లకి పెట్టినట్టే పెద్ద ఐరన్‌తో టంకం పెట్టాను. షీటు ముడుచుకుపోయింది, పక్క గీత కూడా లేచింది. అది చార్జింగ్ లైటు గీత అని నాకు తెలియదు. మర్నాటి నుంచి బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. బ్యాటరీ మార్చాను, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో కార్బన్లు మార్పించాను. ఒక రాత్రి పంటు దిగాక రేవు ఒడ్డునే బండి ఆగిపోయింది, లైటు లేదు, సెల్ఫ్ లేదు, వెనక సరుకు. ఆ రోజు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

చాలా పాత బళ్ళలో ఆల్టర్నేటర్ మొదట మేలుకోవడానికి కావలసిన కరెంటు ఆ చార్జింగ్ బల్బు గుండానే పోతుంది. బల్బు మాడినా, దాని గీత తెగినా ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం మొదలుపెట్టకపోవచ్చు. అందుకని మీటర్ పని ఏది చేసినా, బిగించాక కీ వేయగానే ఎర్రటి చార్జింగ్ లైటు వెలుగుతుందో లేదో చూడండి. వెలగకపోతే బండి బయటికి తీయొద్దు. ఆ ఒక్క బల్బు స్థానంలో ఎల్ఈడీ పెట్టొద్దు కూడా, చాలా ఎల్ఈడీలు అంత కరెంటు పోనివ్వవు.

ఇప్పుడు టంకం సంగతి. పాలియెస్టర్ 250 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, అంతకు చాలా ముందే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. 63-37 టంకం తీగ 183 డిగ్రీలకి కరుగుతుంది. కానీ ఐరన్ కొన 300 డిగ్రీలు దాటి ఉంటుంది. కాబట్టి వేడి కంటే ఎంతసేపు పెట్టారన్నదే ముఖ్యం. 25 వాట్ల ఐరన్ చాలు. గీత మీది పొరని కొత్త బ్లేడుతో పడుకోబెట్టి ఐదారు మిల్లీమీటర్లు గీకండి. వైరు కొసకి ముందే టంకం పూసి ఉంచండి, రాగి మీద ఫ్లక్స్ (టంకం పట్టడానికి రాసే పేస్టు) రాయండి, షీటు కింద తడిగుడ్డ చుట్టిన రేకు ముక్క పెట్టండి. ఐరన్ ఒక్క సెకను, మహా అయితే రెండు. అంటుకోకపోతే తీసేసి చల్లారనిచ్చి మళ్ళీ ప్రయత్నించండి గానీ అక్కడే నొక్కి ఉంచొద్దు. షీటు తేనె రంగులో ఉంటే అది పాలిఇమైడ్, వేడికి బాగా ఓర్చుకుంటుంది. నీలం, ఆకుపచ్చ, లేదా తెల్లగా పారదర్శకంగా ఉంటే పాలియెస్టరే అనుకుని పని చేయండి.

తక్కువ వేడికి కరిగే బిస్మత్ టంకం కూడా దొరుకుతోంది, 138 డిగ్రీలకే కరుగుతుంది, పాలియెస్టర్‌కి అది చాలా సుఖం. ఒక్కటే షరతు: అక్కడ ఇదివరకే సీసం కలిసిన పాత టంకం ఉండకూడదు. రెండూ కలిస్తే వంద డిగ్రీల లోపే కరిగే మిశ్రమం తయారవుతుంది, జాయింటు బలహీనపడుతుంది.

టంకం మీద ధైర్యం లేకపోతే నేను ఎక్కువగా చేసేది వేరే. తెగిన గీతని వదిలేసి, దాని ఒక కొసన ఉన్న నట్టు నుంచి కప్లర్ వెనక వైపు అదే రంగు వైరుకి కొత్త వైరు వేసేస్తాను. ఒక కొసన రింగ్ టెర్మినల్, రెండో కొసన వైరు మీద సరైన జాయింటు, షీటుకి వేడి తగలదు. ప్లస్ వైరు అయితే మధ్యలో చిన్న ఫ్యూజు తప్పకుండా పెట్టండి. అందం తక్కువే, కానీ పదేళ్ళ తర్వాత కూడా అలాగే పనిచేస్తున్న బళ్ళున్నాయి.

సిల్వర్ కండక్టివ్ పెయింటు గేజ్ గీతలకీ, ఒక్క వార్నింగ్ బల్బు గీతకీ సరిపోతుంది. మీటర్ లైట్లన్నిటి కరెంటూ పోయే గీతకి అది చాలదు. ఆరు బల్బులు, ఒక్కోటి 3.4 వాట్లు, లెక్కేస్తే దాదాపు 1.7 ఆంపియర్లు. ఆ పల్చటి పూత వేడెక్కి పగులుతుంది. రాగి టేపు వాడేవాళ్ళు దాని జిగురు గుండా కరెంటు పోతుందని నమ్మకండి, చాలా టేపుల్లో పోదు, రెండు కొసలకీ టంకం చుక్క పడాలి.

ఏ పద్ధతిలో చేసినా పైన ఇన్సులేషన్ కావాలి. చాలామంది సిలికాన్ ట్యూబు పిండేస్తున్నారు. పిండగానే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగికి విషం, ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తింటుంది. దానికి బదులు పాలిఇమైడ్ టేపు వేయండి. కప్లర్ నాలుక మీద పల్చగా డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పోనివ్వని గ్రీజు) రాస్తే ఉప్పుగాలి లోపలికి పోదు.

బల్బుల వాట్లు కూడా చూసుకోండి. మీటర్‌కి 3.4 వాట్ల బల్బు ఉండాల్సిన చోట పార్కింగ్ లైటుకి వేసే 5 వాట్ల బల్బు కూడా అచ్చంగా పట్టేస్తుంది. వెలుతురు బాగుందని వేస్తారు. ఏడాది తిరిగేసరికి హోల్డర్ చుట్టూ షీటు గోధుమ రంగుకి మాడి పెళుసవుతుంది. అలా మాడిన మచ్చ కనిపిస్తే ముందు బల్బు మార్చండి.

మరి మార్చాల్సింది ఎప్పుడు? కప్లర్ నాలుక ప్లాస్టిక్ కరిగిపోయినా, రాగి పొర నుంచి చాలా చోట్ల లేచిపోయినా, వరదలో మునిగి బురద పొరల మధ్యకి దూరినా ఇక బాగుచేయడం దండగ. 2022 జులై గోదావరి వరదల తర్వాత లంక ఊళ్ళ నుంచి వచ్చిన కొన్ని మీటర్లు విప్పితే పొరల మధ్య ఒండ్రు కనిపించింది, వాటిని ఎంత కడిగినా నిలబడలేదు. అప్పుడు షీటు ఒక్కటీ దొరికితే అదే కొనండి. దొరక్కపోతే పాత సామాన్ల షాపులో అదే మోడల్ మీటర్ తెచ్చుకుని, దాని షీటు తీసి మీ మీటర్‌కి వేసుకోండి. మీటర్ మొత్తం మార్చేస్తే కిలోమీటర్ల లెక్క మారిపోతుంది, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడికి సమాధానం చెప్పుకోవాలి. మీ స్పీడోమీటర్ మీ బండికే ఉండాలి. పెట్రోల్ బండి మీటరూ గ్యాస్ బండి మీటరూ పైకి ఒకేలా ఉన్నా వెనక గీతలు తేడాగా ఉండొచ్చు, కొనే ముందు రెండు షీట్లనీ పక్కపక్కన పెట్టి గీత గీతా సరిచూడండి. ఓమ్నీ లాంటి బండి తయారీ 2019లోనే ఆగిపోయింది, రోడ్డు మీద ఉన్నవాటికి ఈ పాత మీటర్లే దిక్కు, కాబట్టి పనికొచ్చే దాన్ని పారేయకండి.

చివరగా ఒకటి చూడండి. అన్నీ బిగించే ముందు, మీటర్ ఇంకా బయట ఉండగానే, ముందు అద్దం మీద బకెట్ నీళ్ళు పోయించి డ్యాష్‌బోర్డు లోపల టార్చి వేయండి. పాత వ్యాన్లలో అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ గట్టిపడి, కింది మూలల్లోంచి నీరు సరిగ్గా మీటర్ కప్లర్ మీదకే కారడం నేను చాలాసార్లు చూశాను. తడి కనిపిస్తే బీడింగ్ మార్పించాకే మీటర్ బిగించండి. బిగించాక కీ వేసి చార్జింగ్ లైటు, ఆయిల్ లైటు వెలిగాయో చూసి, ఇంజన్ స్టార్ట్ చేసి బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య వస్తోందో చూడండి. ఎర్త్ వైరు వేశాక ముల్లు ఏం చేసిందో, వోల్టేజి ఎంత చూపించిందో ఇక్కడ రాయండి, మిగతాది దాన్నిబట్టి చెప్తాను.